‘గమనించాను, వదిలేశాను’ అంటున్నారు మా వారు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. మా వారికి 54 ఏళ్ళు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో 30 ఏళ్ళుగా గుమస్తా. రోజుకి ఎనిమిదో పదో సిగరెట్లు కాలుస్తారు. పోయిన సంక్రాంతి తర్వాత మా వీధిలో పెట్టిన క్యాంపులో బీపీ చూస్తే 164/102 ఉంది. డాక్టరు గారు మాత్ర రాశారు, సిగరెట్ మానమన్నారు. ఇదివరకు ఇలాంటి మాట ఎవరన్నా అంటే ఇంతెత్తున లేచేవారు. ఆరు నెలల నుంచి ఫోన్లో ఏదో యాప్ పెట్టుకుని పొద్దున్నే ఇరవై నిమిషాలు శ్వాస మీద ధ్యాస అంటూ కూర్చుంటున్నారు. కోపం బాగా తగ్గింది, కాదనను. కానీ ఇప్పుడు రిపోర్టు చూపించినా, సిగరెట్ పెట్టె మీద బొమ్మ చూపించినా నవ్వేసి ‘భయం వచ్చింది, గమనించాను, వదిలేశాను’ అంటున్నారు. సిగరెట్ మాత్రం వదల్లేదు. మాత్ర గుర్తొస్తే వేసుకుంటారు, లేకపోతే లేదు. దగ్గు ఉంది, అడిగితే యార్డులో మిరపకాయల ఘాటు అంటారు. నాకేమో వాట్సాప్‌లో ఆరోగ్యం మెసేజ్ ఏది వచ్చినా గుండె దడ. మా అమ్మ షుగర్‌తో కాలు తీయించుకుని, రెండేళ్ళకి పోయింది. నా సంగతి తర్వాత చూసుకోవచ్చు లెండి. ముందు ఇది చెప్పండి. ఈ ధ్యానం మనిషిని మొద్దుబారుస్తుందా? మాన్పించమంటారా?
— ఒక గృహిణి, గుంటూరు

సమాధానం:

మాన్పించకండి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ ఉత్తరం చూస్తే నా జవాబు పూర్తిగా చదివేలోపే ఆయన ఫోన్లోంచి ఆ యాప్ తీసేసేలా ఉన్నారు. ఆర్నెల్లుగా ఇంట్లో అరుపులు లేవంటే అది చిన్న లాభం కాదమ్మా.

అలాగని మీ అనుమానం వట్టిదని అనను. ధ్యానం చేస్తే మనసు కుదుటపడుతుంది, మనసు కుదుటపడితే ఒళ్ళు దానంతటదే బాగవుతుంది అని మనకి రోజూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. కుదుటపడిన మనిషి కుదురుగా కూర్చుని సిగరెట్ వెలిగించుకోడా అని అడిగేవాళ్ళు తక్కువ. మీరు అడిగారు. వెలిగించుకుంటాడు. మీ ఇంట్లో జరుగుతున్నది అదే.

ముందు మీ వారి పాత కోపం సంగతి చూద్దాం. హెచ్చరిక వినగానే తిరగబడటం ఆయన ఒక్కరి గుణం కాదు. 1992లో నీరా లిబర్మన్, షెల్లీ చైకెన్ అనే ఇద్దరు పరిశోధకులు కాఫీతో రొమ్ములో గడ్డల జబ్బు వస్తుందని చెప్పే వ్యాసం కొందరు ఆడవాళ్ళతో చదివించారు. కాఫీ అలవాటు లేనివాళ్ళు సరేనన్నారు. అలవాటున్నవాళ్ళు అందులో తప్పులు వెదికారు. పైపైన చదివి పక్కన పెట్టారా అంటే అదీ లేదు, శ్రద్ధగానే చదివారు. ఆ శ్రద్ధంతా తమకి నచ్చని ముక్కని కొట్టేయడానికి ఖర్చు పెట్టారు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు విజయవాడలో మా వంటింటి గట్టు దగ్గర నిలబడి ఉన్నాను, చేతిలో రెండో గ్లాసు కాఫీ. నాకు తట్టిన మొదటి ఆలోచన ఏమిటో తెలుసా? ‘వాళ్ళ కాఫీ వేరు, మన ఫిల్టర్ కాఫీ వేరు.’ ఆ తర్వాత కాసేపటికి గానీ నవ్వు రాలేదు.

మీ వారి ‘యార్డు ఘాటు’ కూడా ఆ కోవలోదే. ఘాటు అబద్ధం కాదు. సీజన్లో వేల టిక్కీల మిర్చి బస్తాలు దిగుతుంటే ఆ గేటు దాటి లోపలికి వెళ్ళిన ఎవరికైనా గొంతు పట్టుకుంటుంది. నిజం ఉన్న సాకు కాబట్టే అది అంత గట్టిగా నిలబడింది. పూర్తి అబద్ధమైతే ఈపాటికి ఆయనకే విసుగొచ్చేది. ఇక ప్రతి ఇంట్లోనూ ఉండే చుట్ట తాత సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున లేస్తే చుట్టే, అయినా తొంభై ఏళ్ళు బతికాడంటారు. యాభైకే దగ్గి దగ్గి పోయిన ఆయన తమ్ముడి ఫొటో అదే గోడ మీద ఉన్నా, ఆ పేరు ఎవరూ ఎత్తరు.

మా బాబాయి ఒకాయన సిగరెట్ పెట్టె తెచ్చుకోగానే అందులోవి ఒక్కొక్కటీ తీసి పాత స్టీలు డబ్బాలో సర్దుకునేవాడు. డబ్బా మీద మా పిన్ని పేరు చెక్కి ఉండేది, పెళ్ళిలో వచ్చిన సామాను. పుండు పడ్డ బొమ్మ ఉన్న పెట్టె వెంటనే చెత్తబుట్టలోకి పోయేది. మన దేశంలో పెట్టెల మీద బొమ్మలు 2009లో మొదలయ్యాయి, 2016 నుంచి పెట్టె ముందూ వెనకా 85 శాతం మేర ఆ బొమ్మా, హెచ్చరిక రాతా. ప్రభుత్వం బొమ్మ పెద్దది చేసింది, బాబాయి డబ్బా మార్చాడు. ఇంకొందరు అంత శ్రమ కూడా పడరు, బడ్డీ కొట్టు దగ్గర విడిగా ఒక్కటే కొనుక్కుని, అక్కడ తాడుకి వేలాడే లైటర్‌తో వెలిగించుకుని వెళ్ళిపోతారు. వాళ్ళకి ఆ బొమ్మ కనిపించేదే లేదు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు మీది, 1976 నుంచీ గుంటూరులోనే ఉంది. పొగాకు మీద బతికే కుటుంబాలు చుట్టూ ఉన్న చోట, పొగాకు చంపుతుందన్న మాట చెవికెక్కడం ఇంకొంచెం కష్టం. ఇందులో ఎవరినీ తప్పుపట్టడం లేదు.

మరి ధ్యానం వల్ల ఏం మారింది? ఇక్కడే మీ ప్రశ్నలో అసలు సరుకు ఉంది.

భయపెట్టే మాట విన్నప్పుడు మనిషి ముందు రెండు పనులుంటాయి. ప్రమాదం సంగతి చూసుకోవడం ఒకటి, భయం సంగతి చూసుకోవడం ఒకటి. కిమ్ విట్టీ అనే పరిశోధకురాలు 1992లోనే ఈ తేడా పట్టి చూపించింది. నేను చేయగలిగిన పని ఒకటి కళ్ళ ముందు కనిపిస్తే మనిషి ప్రమాదం వైపు తిరుగుతాడు, మాత్ర వేసుకుంటాడు, డాక్టరు దగ్గరికి వెళ్తాడు. ఏమీ చేయలేననిపిస్తే భయం వైపు తిరుగుతాడు. భయాన్ని తగ్గించుకోవడానికి దారులు బోలెడు. అరవొచ్చు, నవ్వొచ్చు, టీవీ పెట్టుకోవచ్చు, డబ్బా మార్చొచ్చు. మీ వారు ఇదివరకు అరిచేవారు. ఇప్పుడు కళ్ళు మూసుకుని ఊపిరి చూస్తున్నారు. కొత్త దారి పాతదానికంటే చాలా మర్యాదైనది, పక్కింటివాళ్ళకి వినపడదు. కానీ పోతున్నది మాత్రం అదే ఊరికి.

అంటే ధ్యానం చేసేవాళ్ళందరూ ఇలాగే అవుతారా? కాదు. 2017లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఒళ్ళు కదల్చకుండా కూర్చునే అలవాటున్న పెద్దవాళ్ళకి వ్యాయామం గురించిన హెచ్చరికలు చూపించారు. లోపల ఏం జరుగుతోందో గమనించుకునే స్వభావం ఎక్కువగా ఉన్నవాళ్ళు ఆ హెచ్చరికలకి తక్కువ కుంగిపోయారు, సిగ్గుతో ముడుచుకుపోవడం తక్కువగా కనిపించింది. అలా ముడుచుకోనివాళ్ళకే తర్వాత వ్యాయామం చేయాలన్న మనసు ఎక్కువగా కలిగింది. ఇది విన్నాక మనకి అర్థమయ్యేది ఏమిటంటే, ‘ఛీ, నేనింతే’ అనే సిగ్గు మనిషిని కదిలించదు, మూలన కూర్చోబెడుతుంది. ఆ సిగ్గు తగ్గిన మేరకు మాట లోపలికి వెళ్ళే సందు దొరుకుతుంది. అయితే వాళ్ళు కొలిచింది స్వభావాన్ని, యాప్ పెట్టి నేర్పిన ధ్యానాన్ని కాదు. ఆ తేడా గుర్తుంచుకోండి.

రెండోవైపు 2022లో ఆండ్రూ హాఫెన్‌బ్రాక్, ఆయనతో పనిచేసినవాళ్ళు ప్రచురించిన ప్రయోగాలున్నాయి. అవి ఆరోగ్యం గురించి కావు, తప్పు చేశామన్న బాధ గురించి. ఎవరికో అన్యాయం చేసిన సందర్భాన్ని గుర్తు చేసుకోమని, తర్వాత శ్వాస మీద ధ్యానం చేయించారు. బాధ తగ్గింది. బాధతోపాటు ఆ తప్పు దిద్దుకోవాలన్న తహతహ కూడా తగ్గింది. వేరేవాళ్ళ మంచి కోరుకునే ధ్యానం, మన బౌద్ధంలో మైత్రీ భావన అంటామే, అది చేయించినప్పుడు మాత్రం దిద్దుకోవాలన్న కోరిక అంతలా సన్నగిల్లలేదు. కాబట్టి ‘మొద్దుబారుస్తుందా’ అని మీరు అడిగిన మాట పిచ్చి ప్రశ్న కాదు. ఊపిరి మీది ధ్యానం బాధని తగ్గిస్తుంది, అది ఏ బాధ అని అడగదు. పనికిరాని బాధ, పనికొచ్చే బాధ రెంటినీ ఒకే చీపురుతో ఊడ్చేయగలదు. ఏది ఉంచుకోవాలో చూసుకోవాల్సింది కూర్చున్న మనిషే.

నాకు తోచిన ఇంకో మాట. 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలో మసాచుసెట్స్ వైద్య కళాశాలలో ఈ సాధనని కొన్ని వారాల శిక్షణగా మార్చి ఆసుపత్రి గడప ఎక్కించాడు. మొదట్లో ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఏళ్ళ తరబడి నొప్పితో బతుకుతున్నవాళ్ళు, డాక్టర్లు ఇక ఇంతకంటే చేసేదేం లేదన్నవాళ్ళు. పోని నొప్పితో రోజూ కుస్తీ పడుతుంటే నొప్పికి తోడు ఆ కుస్తీ అలసట కూడా మీద పడుతుంది. అక్కడ ‘గమనించు, వదిలేయ్’ అన్నది బంగారం లాంటి సలహా. మీ వారి 164/102 ఆ జాతి కాదు. అది మందుకి తగ్గేది, ఉప్పు తగ్గిస్తే తగ్గేది, సిగరెట్ మానితే గుండెకి బరువు దించేది. చేసేదేం లేని బాధకి తయారైన మందుని, చేయడానికి బోలెడంత ఉన్న చోట వాడుతున్నారు. యాప్ తప్పేం కాదు. ఆ గొంతు ఆయన బీపీ ఎంతో అడగలేదు, అంతే.

ఇంకా లోతుకి వెళ్తే, ఇలాంటి ధ్యానానికి వాడే మైండ్‌ఫుల్‌నెస్ అన్న ఇంగ్లీషు మాట, పాత బౌద్ధ గ్రంథాల పాళీ భాషలో ‘సతి’కి పెట్టుకున్న పేరు. సంస్కృతంలో స్మృతి. గుర్తుంచుకోవడం! వదిలేయడం కాదు, మరిచిపోకుండా ఉండడం. అమరావతి స్తూపం మీకు పక్కనే ఉంది, పిల్లలతో వెళ్ళే ఉంటారు. ఆ బౌద్ధులు ధ్యానానికి ఆధారంగా చెప్పుకునే సతిపట్ఠాన సుత్తంలో ఊపిరి గమనించడం ఒక భాగం మాత్రమే. ఆ తర్వాత వెంట్రుకలు, గోళ్ళు, పళ్ళు, మాంసం, ఊపిరితిత్తులు, కఫం అంటూ ఒంట్లోని ముప్పైకి పైగా భాగాలని ఒక్కొక్కటిగా తలుచుకోమంటుంది. ఆ పైన శ్మశానంలో ఉబ్బి రంగు మారిన శవాన్ని చూసి, ‘ఈ ఒళ్ళూ అలాగే అవుతుంది’ అని అనుకోమంటుంది. సిగరెట్ పెట్టె మీద బొమ్మ అంతకంటే ఎక్కువేం చెప్పడం లేదు. యాప్‌లో ఆ ముక్క లేకపోయి ఉండొచ్చు, వర్షం చప్పుడూ పిల్లనగ్రోవీ ఉండి ఉంటాయి. ఈసారి ‘వదిలేశాను’ అన్నప్పుడు, ధ్యానం చేసే మనిషికి తగ్గ ప్రశ్నే ఒకటి నెమ్మదిగా అడగండి. ‘భయాన్ని వదిలారు సరే. ఆ అంకె గుర్తుందా?’ దెప్పుతున్నట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

ఇక చేయాల్సిన పనులు. సిగరెట్ వెలిగించినప్పుడు ఏమీ అనకండి. ఆ క్షణంలో మీరేమన్నా ఆయనకి అది గొడవగానే వినపడుతుంది. ధ్యానం అయి లేచాక, కాఫీకి ముందు, ఆ పది నిమిషాలు మీవి. మనసు మెత్తగా ఉండే వేళ అది. ఇన్నాళ్ళూ ఆ మెత్తదనం మీద మీకు కోపం, ఇప్పుడు దాన్నే వాడుకోండి.

ఆయన 30 ఏళ్ళుగా గుమస్తా అన్నారు. యార్డులో అన్నేళ్ళు ఒక కొట్లో నిలిచారంటే లెక్క తప్పని మనిషి అయ్యుండాలి. చిట్టాలో ఆ రోజు రాయాల్సింది ఆ రోజే రాస్తారు, రైతు ముందు ఆవర్జా తీసి చూపించగలరు. మనిషికి తన గొప్ప ఏమిటో ముందు గుర్తుచేసి, ఆ తర్వాత హెచ్చరిక వినిపిస్తే బాగా తలకెక్కుతుందని కూడా పరిశోధనలున్నాయి. 2015లో ఎమిలీ ఫాక్ బృందం చేసిన దాంట్లో, తమకి ముఖ్యమైన విలువల గురించి ముందు ఆలోచించుకున్నవాళ్ళు వ్యాయామం హెచ్చరికల తర్వాత నిజంగానే కూర్చునే సమయం తగ్గించుకున్నారు. అందుకని బీపీ మిషన్ ఒకటి కొని, కొత్త చిట్టా పుస్తకం పక్కన పెట్టి, ‘ఈ లెక్క నాకు చేతకాదు, మీరు రాయండి’ అనండి. నటన అక్కర్లేదు, లెక్క ఆయన చేతిలో ఉంటేనే నిలుస్తుందని మీకూ తెలుసు.

కొలిచే పద్ధతి కాస్త వివరంగా చెబుతాను, ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. అంతకు అరగంట ముందు నుంచి సిగరెట్, కాఫీ ఉండకూడదు. వీపుకి ఆనుడున్న కుర్చీలో, పాదాలు నేల మీద ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. మాట్లాడకూడదు. ఆయనకి ఇది అలవాటైన పనే. కానీ ధ్యానానికి కూర్చున్నట్టు నేల మీద కాళ్ళు మడిచి కొలిస్తే అంకె మారుతుంది, కుర్చీయే వాడాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. పొద్దున మాత్రకి ముందు ఒకసారి, సాయంత్రం యార్డు నుంచి వచ్చి కాస్త చల్లబడ్డాక ఒకసారి, వారం రోజులు. ధ్యానం నుంచి లేచీ లేవగానే చూసుకుని ‘చూశావా, తగ్గింది’ అంటే ఒప్పుకోవద్దు. నెమ్మదిగా ఊపిరి తీసుకున్న కాసేపు బీపీ తగ్గడం మామూలే, మిగతా రోజంతా ఎంత ఉందన్నదే లెక్క. ఇంట్లో కొలిచినప్పుడు సగటు 135/85 దాటి ఉంటే ఆ పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మాత్ర గుర్తొచ్చినప్పుడు వేసుకునేది కాదు, తగ్గింది కదా అని సొంతంగా మానేసేది కాదు.

ఉప్పు గురించి గుంటూరు వాళ్ళకి చెప్పడం నాకూ ఇబ్బందే. మేమూ కృష్ణ దాటితే గోంగూర పచ్చడి జాడీతోనే తిరిగి వస్తాం. రోజుకి మొత్తం ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే ఒక చెంచా. ఆవకాయ, గోంగూర, అప్పడం, మజ్జిగలో ఉప్పు, నాలుగూ ఒకే భోజనంలో పడితే చెంచా అక్కడే అయిపోతుంది. నాలుగింటిలో ఏది ఆయనకి ప్రాణమో అది ఒక్కటే ఉంచి, మిగతావి తగ్గించి చూడండి.

సిగరెట్ దగ్గర ఆయన ధ్యానం ఉపయోగపడొచ్చు. 2011లో జడ్సన్ బ్రూవర్ అమెరికాలో చేసిన చిన్న పరీక్షలో, తల్లడిల్లే కోరిక వచ్చినప్పుడు దాన్ని ఆపాలనీ తీర్చాలనీ చూడకుండా ఒంట్లో ఎక్కడ ఎలా ఉందో గమనించమని నేర్పారు. 17 వారాలప్పుడు చూస్తే వాళ్ళలో 31 శాతం మంది సిగరెట్‌కి దూరంగా ఉన్నారు, మామూలు పద్ధతి నేర్చుకున్నవాళ్ళలో 6 శాతం. ఈ అంకె చూసి మురిసిపోకండి. 2022లో కోక్రేన్ సంస్థ ఇలాంటి పరీక్షలన్నీ కలిపి చూసి, సిగరెట్ మాన్పించడంలో మైండ్‌ఫుల్‌నెస్‌కి ప్రత్యేక లాభం ఉందనడానికి స్పష్టమైన ఆధారం కనపడలేదంది. అంచేత దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. నికోటిన్ గమ్ గురించి డాక్టరుని అడగండి, పొగాకు మానడానికి సాయం చేసే కేంద్ర ప్రభుత్వం ఉచిత నంబరు 1800-11-2356, పెట్టె మీద అదే బొమ్మ పక్కన ఉంటుంది. ధ్యానంలో ఆయన నేర్చుకున్న పాఠానికి సరైన చోటు మాత్రం అక్కడుంది. కోరిక కొన్ని నిమిషాలు ఎగిసి, తీర్చకపోయినా దానంతటదే తగ్గుతుంది. ‘కోరిక వచ్చింది, గమనించాను, వదిలేశాను’ అని ఆయన అన్న రోజున నాకు ఫోన్ చేసి చెప్పినంత సంతోషిస్తాను. ఇప్పటిదాకా ఆ మాట కోరిక మీద కాక డాక్టరు మీద వాడుతున్నారు.

ఒక్క విషయంలో మాత్రం కాస్త గట్టిగా చెబుతాను. ఛాతీ మధ్యలో నొక్కినట్టు నొప్పి, ఎడమ చెయ్యి లేదా దవడ లాగడం, ఉన్నట్టుండి చల్లటి చెమట, మూతి వంకరపోవడం, ఒక పక్క చెయ్యి కాలు బలం తప్పడం, మాట తడబడటం, వీటిని గమనిస్తూ కూర్చోకూడదు. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకూడదు. 108కి ఫోన్ చేయాలి. ఈ మాట ఆయనకి చదివి వినిపించండి. ‘ఇది వచ్చినప్పుడు మీరు నవ్వినా నేను ఫోన్ చేసేస్తాను’ అని ముందే ఒప్పందం చేసుకోండి. బీపీ ఉండి సిగరెట్ కాల్చే 54 ఏళ్ళ మనిషి ఇంట్లో ఈ ఒప్పందం లేకుండా రాత్రి పడుకోవడం నాకైతే కుదరదు.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఒకే దగ్గర ఆగాను. ‘నా సంగతి తర్వాత చూసుకోవచ్చు లెండి.’ దానికి ముందు వాక్యంలో మీ అమ్మగారి కాలు. మీ రక్తంలో చక్కెర ఎంతో ఆఖరిసారి ఎప్పుడు చూపించుకున్నారో ఎక్కడా రాయలేదు. ఆయన అంకెలు మాత్రం 164, 102 అని తడుముకోకుండా రాశారు. తల్లికి షుగర్ ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం ఎక్కువని మీకు తెలుసు, తెలుసు కాబట్టే మీరు ఆ పరీక్ష కేంద్రం ముందు నుంచి నడిచి వెళ్ళిపోతున్నారేమో అని నా అనుమానం. తప్పయితే మన్నించండి.

తప్పు కాకపోతే, మీ ఇంట్లో హెచ్చరిక వినకుండా తప్పించుకుంటున్నవాళ్ళు ఇద్దరు. ఆయన నవ్వి తప్పించుకుంటున్నారు, మీరు వణికి తప్పించుకుంటున్నారు. వాట్సాప్‌లో వచ్చే ప్రతిదానికీ గుండె దడ పడుతోందంటే, పడాల్సిన ఒక్క భయాన్ని చిల్లరగా మార్చి రోజూ ఖర్చు పెడుతున్నారన్నమాట. పైగా ఆ మెసేజ్‌లలో సగం పనికిరానివి. నిమ్మకాయ నీళ్ళతో క్యాన్సర్ పోతుందనేవాడే, పెరుగుతో వస్తుందనీ పంపుతాడు.

నిజానికి ఆయన ధ్యానం ఆయనకంటే మీకు ఎక్కువ అవసరమేమో. పొద్దున ఆయన పక్కనే ఐదు నిమిషాలు కూర్చోండి, ఇరవై వద్దు. మీ అమ్మగారి కాలు గుర్తొస్తే రానివ్వండి, తరిమేయకండి. గుండె దడ ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతోందో చూడండి. ఊపిరి అందనట్టయితే కళ్ళు తెరిచేసి వంటింట్లోకి వెళ్ళిపోండి, అందులో ఓటమేం లేదు. దడ వల్ల రాత్రిళ్ళు నిద్ర కరువైతే 14416కి ఫోన్ చేసి మాట్లాడండి, అది టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పరీక్షకి మాత్రం దడ తగ్గేదాకా ఆగొద్దు. దడతోనే వెళ్ళొచ్చు, సూది గుచ్చేవాళ్ళకి అలవాటే. రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా ముగించి, పొద్దున కాఫీ కూడా తాగకుండా వెళ్ళండి. పరగడుపున 100 లోపు ఉంటే మంచిది. 100 నుంచి 125 మధ్య ఉంటే ఇంకా షుగర్ కాదు, అంచున ఉన్నట్టు, తిండీ నడకా సరిచేసుకోవడానికి టైముంది. 126 అంతకంటే ఎక్కువ వస్తే డాక్టరు ఇంకోసారి చూసి ఖాయం చేస్తారు. అప్పుడు కూడా మీ అమ్మగారి రోజుల్లోలా కాదు, పాదాలు రోజూ చూసుకుంటూ, మందు వేళకి వేసుకుంటూ, కాళ్ళతోనే తిరిగే షుగర్ మనుషులు మీ వీధిలోనే ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి.

ఈ సోమవారం వెళ్ళండి. ఆయన్ని తోడు రమ్మనండి, యార్డుకి ఒక గంట ఆలస్యమైనా ఫర్వాలేదు. దారిలో ఏమీ బోధించకండి. రిపోర్టు చేతికొచ్చాక ఆయన చిట్టాలో రెండో పేజీ మీ పేరు మీద తెరిచి ఆ అంకె ఆయన చేతే రాయించండి. తర్వాత ఏమన్నారో నాకు రాయండి, నవ్వినా సరే.